గోదావరిలో గాలపు వేట

గాలం పుచ్చుకొని ఏటి గట్టున కూర్చున్న మనిషిని చూస్తే దారిన పోయేవారికి రెండు ఊహలు కలుగుతాయి. ఒకటి, ఇతనికి ఇంటిదగ్గర పని ఏమీ లేదు. రెండవది, ఇంటిదగ్గర పని ఉండబట్టే ఇక్కడికి వచ్చి కూర్చున్నాడు. అరవై సంవత్సరాలకు పైగా ఆ గట్టున కూర్చుంటూ వచ్చినవాణ్ణి గనుక, ఈ రెండు నిందలనూ సమానంగానే భరించాను. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని గాలపు వేట వట్టి కాలక్షేపమని మాత్రం ఒప్పుకోలేను. అందులో ఒక విద్య ఉన్నది. ఆ విద్యతోపాటు నెత్తిన పడే బాధ్యత కూడా ఒకటి ఉన్నది. ఆ సంగతి నాకు ఆలస్యంగా, ఒక తప్పు చేసిన తరువాతగాని తెలిసిరాలేదు.

ముందు ఏటి సంగతి చెప్పవలె. త్ర్యంబకం దగ్గర పుట్టి, మొత్తం 1465 కిలోమీటర్లు నడిచే గోదావరి, పాపికొండల ఇరుకులోనుంచి బయటపడి పోలవరం దాటగానే ఒళ్ళు విరుచుకొంటుంది. అక్కడినుంచి ధవళేశ్వరం దాకా దానిది రాజసం. ఒక గట్టున నిలుచున్నవాడికి ఆవలి గట్టు మీది కొబ్బరిచెట్లు నల్లని గీతలాగా మాత్రమే కనిపిస్తాయి. నడుమ లంకలు, ఇసుక తిన్నెలు, రెల్లు. 1852లో కాటను దొరగారి ఆనకట్ట పూర్తి అయిననాటినుంచీ ఈ భాగంలో నీరు మరింత నిదానం నేర్చుకొన్నది. ఆ పాత కట్టడానికి వయస్సు చెల్లి, దాని చోట తరువాత బ్యారేజీ వచ్చినా నీటి నడక మారలేదు. వరద రోజులు తప్పిస్తే, ఏరు కదులుతున్నదో నిలిచి ఉన్నదో పైకి చూచి చెప్పడం కష్టం. మా ఊరు కొవ్వూరుకు ఎగువన, ఒక లంకకు ఎదురుగా ఉన్నది. ఊరి పేరు చెబితే రేపటినుంచి గట్టున నాకు చోటు దొరకదు గనుక చెప్పను.

ఇట్టి ఏటిలో గాలం వేయడానికి దిగిన కొత్తవాడు చేసే మొదటి పొరపాటు, నీరంతా ఒక్కటే అనుకోవడం. అంత వెడల్పున పరచుకొన్న నీటిని చూచి, ఎక్కడ వేసినా ఒకటే గదా అని, చెట్టు నీడ బాగున్నచోట కూర్చుంటాడు. నీడ బాగానే ఉంటుంది. చేప మాత్రం ఉండదు. నాకు ఈ విద్య నేర్పినవాడు మా రేవులో పడవ నడిపిన ఒక వృద్ధుడు. ఊళ్ళో పిల్లలమంతా అతణ్ణి సరంగు తాత అని పిలిచేవాళ్ళం. అతడు నాకు మొదట గాలం చేతికి ఇవ్వలేదు. గుప్పెడు వరిపొట్టు ఇచ్చి, నీళ్ళలో చల్లి చూస్తూ ఉండమన్నాడు. పది రోజులు అదే పని. పొట్టు ఒకచోట తిన్నగా పోయేది. ఒకచోట కొంతదూరం పోయి, వెనక్కు తిరిగి, గట్టు వారగా మెల్లగా ఎగువకు వచ్చేది. మరొకచోట రెండు ధారలు కలిసే గీత మీద బారు తీరి నిలిచేది. ఆ గీత దగ్గరనే చేప ఉంటుంది. వేగంగా పోయే నీరు ఆహారం మోసుకొని వస్తుంది, నిదానించిన నీటిలో నిలిచి ఉండడానికి శ్రమ లేదు. శ్రమ లేనిచోట నిలుచుండి, పక్కనుంచి పోయే కబళాన్ని అందుకోవడం మనుషులకే కాదు, చేపలకూ తెలిసిన లౌక్యమే.

కోత, మేట అని ఏటిగట్టు వారందరికీ తెలిసిన మాటలు రెండున్నాయి. ఏరు వంపు తిరిగినచోట వెలుపలి గట్టును కోసి లోతు చేస్తుంది, లోపలి వైపున ఇసుక మేట వేస్తుంది. పగటివేళ పెద్ద చేప కోత కింది లోతులో ఉంటుంది. తెల్లవారుజామున, సందె చీకట్లలో మేట అంచుకు మేతకు వస్తుంది. గట్టు కోసుకుపోకుండా నీళ్ళలోకి రాళ్ళు పేర్చి కట్టిన గ్రోయిన్లు ఉన్నచోట, వాటి దిగువన నీరు చిన్న మడుగులాగా తిరుగుతూ ఉంటుంది. లంకకు దిగువ కొస, అంటే లంక తోక, మరొక మంచి స్థలం. ఈ నాలుగు చోట్లు తెలిసినవాడికి రెండు కిలోమీటర్ల వెడల్పు గల ఏరు నాలుగు గుమ్మాల ఇల్లయి కూర్చుంటుంది.

ఇక చేపల విషయం. ఇంగ్లండులో గాలపు వేటగాళ్ళకు ఒక వర్ణవ్యవస్థ ఉన్నది. సాల్మన్, ట్రౌట్ అనేవి దొరల చేపలు. నిదానమైన ఏళ్ళలో పెరిగే తక్కినవన్నీ ముతక చేపలని వారు ఒకే గంపలో వేశారు. మన గోదావరిలోనూ అట్టి దొర ఒకటి ఉన్నది. దాని పేరు నేను చెప్పకముందే శ్రోతలలో సగంమంది పులస అని ఉంటారు. సముద్రంనుంచి వరద నీటికి ఎదురు ఈదివచ్చే పులస వలవారి సొత్తు. సన్నని జీవులను నీటితోపాటు వడగట్టుకొని తినే జాతి అది. మన ఎరవైపు కన్నెత్తి చూడదు. కాబట్టి గాలం పట్టినవాడు పులస మాట మరచిపోయి, సంవత్సరమంతా ఏటిలో కాపురముండే ముతకవాళ్ళతో స్నేహం చేయవలసిందే. నాకు ఇందులో చిన్నతనమేమీ కనిపించలేదు.

ఈ ముతకవాళ్ళలో ముఖ్యులు బొచ్చె, శీలావతి, మోసు. చేప నోరు చూస్తే దాని భోజనశాల ఎక్కడో తెలుస్తుంది. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైభాగాన మేస్తుంది. మోసు నోరు కిందివైపుకు ఉంటుంది. అది అడుగున బురదలో వెదుకుతుంది. శీలావతిని కొన్నిచోట్ల రాగండి అంటారు. దాని కింది పెదవికి సన్నని కుచ్చు ఉంటుంది. అది నడిమి నీటిలో తిరుగుతుంది. కాబట్టి ఎర ఎంత లోతున వేలాడవలెనో ముందు నిర్ణయించుకొని, తరువాత బెండు కట్టుకోవలె. వానపామును అడుగున వేస్తే జెల్ల వస్తుంది, బొమ్మిడాయి వస్తుంది. జెల్లను గాలంనుంచి తప్పించేటప్పుడు దాని ప్రక్క ముళ్ళ సంగతి మరచినవాడు ఆ రాత్రి నిద్రపోడు. రాత్రివేళ బతికిన చిన్నచేపను ఎర వేస్తే వాలుగ పడుతుంది. వాలుగ నోరు చూచినవాడికి మరునాడు ఏటిలో స్నానం చేయడానికి కొంచెం సంకోచం కలుగుతుంది.

పరికరాల గురించి ఎక్కువ చెప్పను. మా కాలంలో సన్నని వెదురుకర్ర, పేనిన నూలుదారం, సీసపు గుండు, గాలం, బెండు. ఇప్పుడు నైలాను దారాలు, రీళ్ళు వచ్చాయి. మంచివే. రీలు ఉంటే పెద్ద చేపను దారం వదిలి అలయగొట్టవచ్చును. మాకు ఆ సదుపాయం లేక, కర్రను ఏటిలోకి వదిలిపెట్టి దాని వెంట పడవ వేసుకుపోయిన రోజులున్నాయి. కాని బెండు విషయంలో మాత్రం నాకు పట్టుదల ఉన్నది. జీలుగు బెండుకు సాటి రాగలది నేనింతవరకు చూడలేదు. అది తేలిక, మెత్తన, చాకుతో కావలసినంత సన్నగా చెక్కుకోవచ్చును. బజారులో దొరికే రంగుల ప్లాస్టిక్ బెండు చూడముచ్చటగా ఉంటుందిగాని, చిన్న చేప ముట్టినప్పుడు ఉలకదు పలకదు.

నిదానమైన నీటిలో వేట అంతా బెండు మీద చూపులోనే ఉన్నది. అది ఒక భాష. పరిగ పిల్లలు ఎరను కొరుకుతూ ఉంటే బెండు చిందులు వేస్తుంది. దానికి కర్ర ఎత్తకూడదు. జెల్ల పట్టినప్పుడు చెప్పాపెట్టకుండా మునిగిపోతుంది. శీలావతి మర్యాద గలది. రెండుమూడుసార్లు బెండు వణుకుతుంది, ఆగుతుంది, మనకు సందేహం కలిగేటంతసేపు ఊరుకొంటుంది, తరువాత ఏటవాలుగా పక్కకు జారిపోతుంది. ఆ జారేటప్పుడు కర్ర ఎత్తవలె. అన్నిటికంటె విచిత్రమైనది మోసు. అది అడుగున ఉన్న ఎరను నోట కరచుకొని తల పైకెత్తుతుంది. అప్పుడు సీసపు గుండు బరువు బెండు మీదనుంచి తొలగిపోయి, నిలువుగా ఉన్న బెండు నీటిమీద అడ్డంగా పడుకొంటుంది. కొత్తవాడు దారం తెగిందనుకొని విచారిస్తాడు. తెలిసినవాడు ఆ క్షణంలోనే మణికట్టు తిప్పుతాడు. నేను విచారించిన సందర్భాలే ఎక్కువ. ఇంట్లో చింతపండు నానబోసి ఉంచడం, నేను గాలి వీపున వేసుకొని రావడం మా ఇంట చాలాకాలం ఒక ఆచారంగా సాగింది. నీళ్ళలో గేదెను పెట్టి బేరమాడకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ వినోదం దొరలు తెచ్చిపెట్టినదని కొందరనుకొంటారు. మదరాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్. ఎస్. థామస్ అనే ఆయన 1873లో మన దేశపు గాలపు వేట మీద ఒక పెద్ద గ్రంథం, 1887లో చెరువులలో వేట మీద మరొకటి వ్రాసిన మాట నిజమే. కాని అంతకు ఏడువందల ఏళ్ళకు పైచిలుకు ముందే, కల్యాణినుంచి ఏలిన పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు, 1130 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే వ్రాయించాడు. చేపల జాతులు, వాటి ఉనికి, ఏ చేపకు ఏ మేత వేసి మరపవలె, గాలం ఎట్లు వేయవలె, అన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లీషువారు తమ గాలపు వేటకు వేదంగా భావించే ఐజాక్ వాల్టన్ గ్రంథం వెలువడినది 1653లో. రాజుగారు గట్టున కూర్చుని బెండువైపు చూస్తూ ఉంటే, రాజ్యం సంగతి మంత్రులు చూచుకొన్నారేమో తెలియదు. నావంటివాడికి మాత్రం ఆ ప్రకరణం పెద్ద ఊరట.

మేత వేసి మరపడమన్నాను. మన పక్క తవుడు, తెలకపిండి కలిపి వేయించి, కమ్మని వాసన వచ్చిన తరువాత కొంచెం బంకమట్టితో ఉండలు కట్టి, ఒకే వేళకు ఒకే చోట మూడు నాలుగు రోజులు వేస్తారు. బంకమట్టి ఎందుకంటే, ఉండ నీటిమీద విడిపోకుండా అడుగుకు చేరి, అక్కడ మెల్లగా కరగడానికి. నాలుగవనాడు చేప మనకంటె ముందు వచ్చి కాచుకొని ఉంటుంది. ఇక్కడే నాకు మొదట మనస్సు చివుక్కుమన్నది. నాలుగు రోజులు అన్నం పెట్టి అయిదవనాడు పట్టుకోవడమేమిటి తాతా అని అడిగాను. సరంగు తాత నవ్వాడు. "ఆకలికి పట్టిన చేపకు జవాబు చెప్పక్కర్లేదు బాబూ. అది నోరు తెరిచింది, మనమూ నోరు తెరిచాం" అన్నాడు. ఆ మాటలో రెండవ సగం అతడు అప్పుడు చెప్పలేదు. అది నాకు మరుసటి శ్రావణంలో తెలిసింది.

లంక వెనుకవైపున వరద నీరు చేరి నిలిచిన కయ్య ఒకటి ఉండేది. తూటికాడ, తామరాకు, పాచి. అట్టి చోట కొర్రమీను ఉంటుంది. ఒకనాటి ఉదయం నీటిమీద అరచేతి వెడల్పున ఎర్రని మరక ఒకటి కదులుతూ కనిపించింది. దగ్గరకు వెళ్ళి చూస్తే మరక కాదు, వందలకొలది పిల్లలు, ఎర్రని నలుసులు, ముద్దకట్టుకొని పైకి తేలి, గాలి పీల్చి, మళ్ళీ మునుగుతున్నాయి. కొర్రమీను గాలి పీల్చే జాతి. పిల్లలు ఎదిగేదాకా తల్లిదండ్రులు ఆ ముద్ద కిందనే కావలి తిరుగుతాయి. ఆ సమయంలో వాటికి మేత మీద ధ్యాస ఉండదని ఊళ్ళో ఒక పెద్ద కుర్రవాడు నాకు చెప్పాడు. ఎట్లు పట్టవలెనో కూడా అతడే చెప్పాడు. గాలానికి చిన్న కప్పను గుచ్చి ఆ పిల్లల ముద్ద మీదుగా లాగితే చాలునన్నాడు.

లాగాను. రెండవసారి లాగేటప్పటికి నీరు పేలినట్లయింది. కిలోన్నర పైబడిన చేప. నాకు అప్పటికి పదమూడేళ్ళు. అంత చేపను అంతకుముందు పట్టలేదు. తాటాకుకు గుచ్చి రేవులోకి ఊరేగింపుగా తీసుకువెళ్ళాను. సరంగు తాత చేపను చూచాడు, నన్ను చూచాడు, ఎక్కడ పట్టావని అడిగాడు. చెప్పాను. ఏమీ అనలేదు. మరునాడు పొద్దున ఇంటికి వచ్చి, నాన్నగారితో ఏదో చెప్పి, నన్ను ఆ కయ్య దగ్గరకు తీసుకువెళ్ళాడు. ముద్ద చెదిరిపోయింది. ఇక్కడ పది, అక్కడ పది పిల్లలు పాచి అంచున తిరుగుతున్నాయి. తూటికాడ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉన్నది. నీటికాకులు రెండు మునుగుతూ లేస్తూ ఉన్నాయి. మేము చూస్తూ ఉండగానే లకుముకి రెండుసార్లు నీళ్ళలోకి దూకి వచ్చింది.

"అది ఎరని చూసి పట్టలేదండి బాబూ," అన్నాడు తాత. "పిల్లల్ని చూసి పట్టింది."

నేను ఏడ్చాననే జ్ఞాపకం. అతడు నన్ను ఓదార్చలేదు. కొంతసేపు ఊరుకొని, తానూ ఒకసారి ఆ పని చేశానన్నాడు. 1953 వరదలో వారి ఇల్లు పోయింది, పడవ పోయింది, ఇంట గింజ లేదు. పిల్లలు ముగ్గురు. లంక కయ్యలో ఇట్లాగే కొర్రమీనును పట్టి, వండి, పిల్లలకు పెట్టాడట. "నా పిల్లల కోసం దాని పిల్లల్ని పక్షులకి పెట్టాను. అది నాకూ గోదారికీ లెక్క. మీకా అవసరం ఏమొచ్చిందండి?" అన్నాడు. గాలం పట్టుకొన్నప్పుడల్లా ఆ ప్రశ్న నా చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. అవసరం ఏమి వచ్చింది? నిజానికి నాకు ఎన్నడూ ఏమీ రాలేదు. వలవాడికి చేప జీవనం. నాకు అది తెల్లవారుజాము, మంచు, బెండు మీది చూపు. చేపను పట్టడంలో ఉన్న సంతోషం నాకు కావలె గాని, దాని ప్రాణం మీద నాకు వలవాడికున్నంత హక్కు ఉన్నదా అని ఈనాటికీ నాకు సందేహమే. సమాధానం దొరకక ఒక ఏర్పాటు చేసుకొన్నాను. ఇంటికి కావలసిన ఒక్క చేప తీసుకొంటాను. రెండవదానిని వదలివేస్తాను. గుడ్డుతో ఉన్నది పడితే మొదటిదే అయినా వదలివేస్తాను. వదిలిన చేప అంతా బతుకుతుందని చెప్పలేను. పొడి చేతులతో పట్టుకొని, గట్టు మీది ఇసుకలో దొర్లించి, పది మందికి చూపించిన తరువాత వదిలితే అది వదిలినట్లు కాదు. చేతులు తడుపుకోవలె, నీటిలోనే ఉంచి గాలం తీయవలె. గాలానికి ముల్లు అరగదీసి ఉంచుకొంటే అది ఒక్క నిమిషపు పని.

గుడ్డు చేప మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పవలె. బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీటిలో వాటంతటవి గుడ్లు పెట్టవు. పారే నీరు కావలె, కొత్త వరద కావలె. ఆషాఢంలో గోదావరికి ఎర్రనీళ్ళు తగలగానే అవి కడుపు నిండిన గుడ్లతో గట్టు వారలకు, మునిగిన గడ్డి మీదికి వస్తాయి. చీకటిలో నీళ్ళు కొట్టుకొంటున్న చప్పుడు ఊళ్ళోకి వినిపించేది. అంత సులభంగా అవి మరెప్పుడూ దొరకవు. ఆ పది పదిహేను రోజులూ ఏటివైపుకు గాలం పట్టుకొని పోకూడదని సరంగు తాత నియమం. ఒకప్పుడు దేశంలో ఏ చెరువులో చేప పెంచవలెనన్నా ఏటిలోనుంచి పిల్లలను పట్టి తెచ్చి వేయవలసి వచ్చేది. 1957లో హీరాలాల్ చౌధురిగారు చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, ఈ జాతిని చెరువు నీటిలోనే గుడ్లు పెట్టించే మార్గం కనిపెట్టిన తరువాత ఆ కథ మారింది. ఇవాళ కొల్లేటి పక్కల చెరువులనుంచి లారీలకొలది శీలావతి దేశమంతటికీ పోతున్నది. కూర కోసమైతే బజారుకు వెళ్ళితే చాలును. ఆషాఢంలో గాలం పుచ్చుకొని ఏటి వారకు పోవడానికి నావంటివాడికి ఆ సాకు కూడా మిగలలేదు.

కార్తీకంనుంచి శివరాత్రిదాకా గాలానికి మంచి రోజులు. నీరు తేరుతుంది, నిదానిస్తుంది, బెండు స్పష్టంగా కనిపిస్తుంది. కొత్తగా వెళ్ళదలచినవారు మీ పక్కన అనుమతి అవసరమా, ఏ చోట నిషేధం ఉన్నది అనే విషయం మత్స్యశాఖ వారిని ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. కోత గట్టు అంచున కూర్చోవద్దు. పైకి గట్టిగానే కనిపిస్తుంది గాని, కింద నీరు ఎంతమేర తొలిచిందో మనకు తెలియదు. ఇసుక తవ్విన చోట్లలో మోకాటిలోతు నీటిలో నడుస్తూ ఉండగానే నిలువెత్తు గొయ్యి వస్తుంది. ఈత వచ్చినవారు కూడా అక్కడ దిగవద్దు. మొదటి రోజు గాలం ఇంటివద్దనే ఉంచి, గుప్పెడు వరిపొట్టు తీసుకువెళ్ళండి. అది ఎక్కడ వెనక్కు తిరిగి వస్తున్నదో చూడండి.

కిందటి మార్గశిరంలో మా గ్రోయిన్ దగ్గర ఒక కుర్రవాడు కొత్త రీలు పుచ్చుకొని కూర్చుని ఉన్నాడు. చాలాసేపటి తరువాత అతని బెండు నీటిమీద అడ్డంగా పడుకొన్నది. దారం తెగిందనుకొని అతడు నావైపు చూచాడు. నేను చెప్పేలోపల ఆ మోసు ఎరను వదలి వెళ్ళిపోయింది.